బొమ్మకు పడే తరుగు: నెగెటివ్ నుంచి తెర దాకా

పాత రంగుల సినిమా ఏదైనా పెద్ద తెర మీద చూసే అవకాశం వస్తే ఒక చిన్న సంగతి గమనించండి. మొదట్లో పేర్లు పడుతున్నంతసేపూ వాటి వెనక ఉన్న దృశ్యం కాస్త మసకగా, సన్నని ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. చివరి పేరు చెరిగిపోయి తర్వాతి షాట్ మొదలవగానే ఎవరో అద్దం తుడిచినట్టు బొమ్మ ఒక్కసారిగా తేటపడుతుంది. ఆ రెండు షాట్లనూ ఒకే కెమెరాతో, ఒకే లెన్సుతో, ఒకే రోజున తీసి ఉండవచ్చు. అయినా తేడా ఎందుకు వచ్చిందంటే, పేర్లు పడిన భాగం, దృశ్యం మీద పేర్లు కలపడం కోసం, కాపీకి తీసిన కాపీ, ఆ తర్వాతి భాగం అసలు నెగెటివ్ నుంచి నేరుగా దిగిన బొమ్మ. ఫిలిం మీద సినిమా తీసిన కాలంలో ఎడిటింగ్ గదిలోనూ ల్యాబ్‌లోనూ పాటించిన జాగ్రత్తల్లో సగానికి పైగా ఈ ఒక్క తేడాను తగ్గించడానికి పుట్టినవే.

కంసాలి కొలిమిలో కరిగిన ప్రతిసారీ బంగారానికి తరుగు పడుతుంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) తూకానికీ తరుగు తీస్తారు. సినిమా బొమ్మకూ అలాగే కాపీ తీసిన ప్రతిసారీ తరుగు ఉంది. కాకపోతే కంసాలి కొట్టు దుమ్మును ఊడ్చి కడిగితే పోయిన బంగారంలో కొంతైనా చేతికొస్తుంది. కాపీలో పోయిన వివరం మాత్రం ఆ కాపీలో ఎంత వెతికినా దొరకదు.

చిన్న వయసులో కొన్నేళ్లు నేను విజయవాడ గాంధీనగర్‌లో ఒక పంపిణీదారుల ఆఫీసు వెనక గదిలో ప్రింట్లు సరిచూసే పని చేశాను. ఊళ్ల నుంచి తిరిగొచ్చిన డబ్బా విప్పి, రీలును రీవైండర్‌కు ఎక్కించి, పాలగాజు కింద దీపం ఉన్న బల్ల మీదుగా నెమ్మదిగా తిప్పుతూ, ఎక్కడ చిరిగింది, ఎక్కడ జాయింటు వేశారు, ఎన్ని ఫ్రేములు పోయాయి అని పుస్తకంలో రాయాలి. ఆ బల్ల దగ్గర నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజు చెప్పిన పాఠం ఇప్పటికీ పనికొస్తోంది. తెర మీద తెల్ల చుక్క పడితే నెగెటివ్ మీద దుమ్ముంది, నల్ల గీత పడితే ప్రింటు గీసుకుపోయింది, ఆకుపచ్చ గీత పడితే ప్రింటు ముఖమే గీసుకుపోయింది అని ఆయన అన్నారు. కారణాలు ఆ తర్వాత చాలా ఏళ్లకు గాని తెలియలేదు. నెగెటివ్ మీద దుమ్ము కణం ఉంటే ప్రింటు తీసేటప్పుడు అది వెలుగును ఆపుతుంది, వెలుగు తగలని చోట ప్రింటు తెల్లగా మిగులుతుంది. ప్రింటు వెనక వైపు గీత పడితే అది ప్రొజెక్టర్ వెలుగును చెదరగొడుతుంది, అందుకే తెర మీద నల్లగా కనిపిస్తుంది. ఇక ప్రింటు ముఖం మీద, అంటే రంగులున్న ఎమల్షన్ వైపు, మూడు రంగుల పొరలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. అన్నిటికంటే పైనున్నది మెజెంటా (ముదురు గులాబీ) పొర. అది లేచిపోతే కింద మిగిలిన సయాన్ (లేత నీలం), పసుపు కలిసి ఆకుపచ్చగా కనిపిస్తాయి. గీత ఇంకాస్త లోతుగా దిగి సయాన్ కూడా పోతే పసుపు గీత, మొత్తం పోతే తెల్ల గీత. వేలితో తడమకుండానే గాయం లోతు చెప్పగలిగే పద్ధతి అది.

ఇంత చిన్న గాయానికి ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే కొలతలు చూడాలి. 35 మిల్లీమీటర్ల ఫిలిం మీద మామూలు ఫ్రేము వెడల్పు 22 మిల్లీమీటర్లు, ఎత్తు 16 మిల్లీమీటర్లు. దాన్ని 40 అడుగుల తెర మీద వేస్తే బొమ్మ దాదాపు 550 రెట్లు పెద్దదవుతుంది. నెగెటివ్ మీద అంటుకున్న తల వెంట్రుక తెర మీద నాలుగు సెంటీమీటర్ల మందాన పాములా కదులుతుంది. అడుగు ఫిలింలో 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు నడుస్తాయి కాబట్టి రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, 2,16,000 ఫ్రేములు. ప్రతి ఫ్రేమునూ శుభ్రంగా కాపాడుకుంటూ వందల అడుగుల చొప్పున యంత్రాల గుండా నడిపించాలి.

ఇప్పుడు తరాల సంగతి. కెమెరాలో వెలుగు తగిలిన నెగెటివ్ మొదటి తరం. దాని నుంచి నేరుగా ప్రింటు తీస్తే అది రెండో తరం. అలా కాకుండా నెగెటివ్ నుంచి ఇంటర్‌పాజిటివ్ అనే మాస్టర్, దాని నుంచి డూప్ నెగెటివ్ (నకలు నెగెటివ్), దాని నుంచి ప్రింటు తీస్తే తెర మీదికి వచ్చేది నాలుగో తరం. ఇక్కడ తరుగు కూడికల్లో కాక గుణకారంలో పడుతుంది. చక్కటి జుట్టు పోగులు, పట్టుచీర అంచులోని జరీ గళ్లు వంటి సన్నని వివరాల్లో ప్రతి మెట్టూ నూటికి ఎనభై వంతులు మాత్రమే దాటనిస్తుందని లెక్క కోసం అనుకుందాం. ఒక మెట్టు దాటితే 80 మిగులుతుంది, రెండు దాటితే 64, మూడు దాటితే 51. నిజమైన అంకెలు ఫిలిం రకాన్ని బట్టి, వివరం ఎంత సన్ననిదన్న దాన్ని బట్టి మారతాయి గాని తరిగే తీరు ఇదే. పెద్ద పెద్ద ఆకారాలు దాదాపు చెక్కుచెదరవు, సన్ననివే ముందు పోతాయి. అందుకే నాలుగో తరం కాపీలో కథ అంతా అర్థమవుతుంది కాని నటి కంట్లో తడి కనిపించదు. పైగా ప్రతి మెట్టులోనూ ఆ ఫిలిం ఇసుక రేణువుల్లాంటి తనదైన గ్రెయిన్‌ను కలుపుతుంది, అంటే ఒకవైపు వివరం తగ్గుతూ మరోవైపు గరుకుదనం పెరుగుతూ పోతుంది.

వివరం కంటే ముందు కంటికి ఆనేది కాంట్రాస్ట్. వెలుగునీడల మధ్య తేడాను ఒక ఫిలిం ఎంత పెంచుతుంది, ఎంత తగ్గిస్తుంది అనే దానికి ల్యాబ్ భాషలో గామా అని పేరు. కెమెరా నెగెటివ్ గామా సుమారు 0.6, అంటే అది ఎండనూ నీడనూ దగ్గరకు నొక్కి విశాలమైన పరిధిని తనలో ఇముడ్చుకుంటుంది. ప్రింటు ఫిలిం దానికి వ్యతిరేకం. దాని గామా రెండున్నరకు పైనే ఉంటుంది, నొక్కిన దాన్ని మళ్లీ విప్పుతుంది. రెండింటినీ గుణిస్తే ఒకటిన్నర ప్రాంతానికి వస్తుంది, చీకటి హాల్లో చూసే బొమ్మకు కంటికి ఇంపైన లెక్క అది. మధ్యలో వచ్చే ఇంటర్‌పాజిటివ్, డూప్ నెగెటివ్ కోసం తయారుచేసిన రంగుల ఫిలింకు గామా సరిగ్గా 1 ఉండేట్టు చూస్తారు, అప్పుడు అవి రెండు మెట్లు ఎక్కించినా కాంట్రాస్ట్ మారదు. ఈ సంగతి తెలిస్తే మరో చిక్కు విడిపోతుంది. నెగెటివ్ పోయిన పాత సినిమాలను ఊళ్లు తిరిగిన ప్రింటు నుంచే తిరిగి కాపీ తీస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా, నల్లని జుట్టూ నల్లని కోటూ ఒకే ముద్దగా ఎందుకు కనిపిస్తాయి? ప్రింటు అప్పటికే విప్పిన బొమ్మ. దాన్ని మళ్లీ విప్పితే రెండు కొసల వద్ద ఉన్న వివరం తెగిపోతుంది. అది ల్యాబ్ నిర్లక్ష్యం కాదు, తప్పు చోట మొదలుపెట్టిన ఫలితం.

ఎడిటింగ్ గదికి వస్తే, అక్కడి మొదటి నియమం అసలు నెగెటివ్ ఆ గది గడప తొక్కకూడదన్నదే. ఎడిటర్ చేతికి వచ్చేది రష్ ప్రింటు, అంటే కూర్పు పని కోసం నెగెటివ్ నుంచి తీసిన కాపీ. దాన్ని మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రంలో వందసార్లు ముందుకూ వెనక్కూ తిప్పవచ్చు, మైనపు పెన్సిలుతో గీయవచ్చు, కత్తిరించి అతికించి మళ్లీ విప్పవచ్చు, అది నలిగిపోయినా బాధ లేదు. నెగెటివ్ అంచున అడుగుకొక్కటి చొప్పున తయారీదారు ముద్రించిన అంకెలు రష్ ప్రింటు అంచుకూ దిగుతాయి. కూర్పు ఖాయమయ్యాక నెగెటివ్ కట్టర్ ఆ అంకెలు చూసుకుని, నూలు చేతిమోజులు వేసుకుని, అసలు నెగెటివ్‌ను ఫ్రేముకు ఫ్రేము సరిపోయేట్టు కోస్తారు. 1990 నుంచి కొడాక్ ఆ అంకెల పక్కన యంత్రం చదవగలిగే గీతల ముద్ర కూడా వేయడంతో పొరపాట్లు తగ్గాయి. అంతకుముందంతా కంటి మీదా భూతద్దం మీదా నడిచిన పనే.

నెగెటివ్‌ను అతికించే తీరులోనే ఎడిటర్ స్వేచ్ఛకు హద్దు ఉంది. రెండు ముక్కలను ఫిలిం సిమెంటు అనే జిగురుతో అతికించాలంటే ఒకదాని అంచు ఎమల్షన్ గీకి రెండోదాన్ని దానిమీద కొద్దిగా ఎక్కించాలి. ఆ ఎక్కింపు కోసం ప్రతి కోత వద్దా పక్క ఫ్రేము బలి అవుతుంది. కాబట్టి ఒక షాట్‌ను ఒకసారి కోశాక, ‘ఇంకో నాలుగు ఫ్రేములు పొడిగిద్దాం’ అని ఎడిటర్ మనసు మార్చుకుంటే సరిగ్గా కలవదు, మధ్యలో ఫ్రేము లేక బొమ్మ ఎగురుతుంది. రష్ ప్రింటు మీద ఎంత తిరగరాసినా ఫర్వాలేదు కాని నెగెటివ్ కోతకు పంపేముందు కూర్పు నిజంగా ఖాయం కావాలని పాత ఎడిటర్లు పట్టుబట్టడం వెనక ఉన్న కారణం ఇది.

స్కోప్, అంటే వెడల్పు తెర సినిమా, వచ్చాక ఈ అతుకు కొత్త తలనొప్పి అయింది. మామూలు ఫ్రేములో రెండు బొమ్మల మధ్య కాస్త మందమైన నల్లటి గీత ఉంటుంది, అతుకు దాని చాటున దాగుతుంది. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి స్కోప్ సినిమా. స్కోప్‌లో బొమ్మను అడ్డంగా రెండింతలు నొక్కి ఫ్రేము ఎత్తునంతా వాడుకుంటారు కాబట్టి మధ్యగీత దారమంత సన్నబడుతుంది, అతుకు దాగడానికి చోటుండదు. అందువల్ల స్కోప్ సినిమాల్లో షాట్ మారిన క్షణంలో తెర పైఅంచునో కింద అంచునో సన్నని మెరుపు తళుక్కుమంటుంది. నెగెటివ్‌ను రెండు రోల్స్‌గా విడదీసి, ఒక షాట్ మొదటి రోల్‌లో, తర్వాతి షాట్ రెండో రోల్‌లో, ఖాళీ చోట్ల నల్ల ఫిలిం ఉండేలా కూర్చి రెండుసార్లు ముద్రిస్తే ఆ మెరుపు పోతుంది. 16 మిల్లీమీటర్ల ఫిలింలో అతుకు ఎప్పుడూ కనిపించేది కాబట్టి అక్కడ ఇది మామూలు పద్ధతి. 35లో మాత్రం ప్రతి ప్రింటుకూ రెండేసి నడకలు అంటే సమయం, ఖర్చు రెట్టింపు.

ఇదే రెండు రోల్స్ పద్ధతిలో, ఒక షాట్ కరిగిపోతూ మరో షాట్ తేలే డిజాల్వ్‌ను కూడా అసలు నెగెటివ్ నుంచే తీయవచ్చు. ఒక రోల్ వెలుగు తగ్గుతుంటే రెండో రోల్ వెలుగు పెరుగుతుంది, అంతే. అలా చేయనప్పుడు డిజాల్వ్‌ను ఆప్టికల్ ప్రింటర్ (ఫిలింను ఫ్రేము ఫ్రేముగా తిరిగి ఫొటో తీసే యంత్రం) మీద తయారుచేసి, ఆ డూప్ ముక్కను అసలు నెగెటివ్ మధ్యలో అతికించేవారు. రెండు సెకన్ల డిజాల్వ్ అంటే మూడడుగులు. ఆ మూడడుగులే డూప్ అయితే షాట్ మధ్యలో బొమ్మ హఠాత్తుగా గరుకెక్కుతుంది, ‘ఇప్పుడు డిజాల్వ్ రాబోతోంది’ అని ప్రేక్షకుడికి చాటింపు వేసినట్టు ఉంటుంది. షాట్ మొత్తాన్నీ డూప్ చేస్తే ఆ ఎగుడుదిగుడు ఉండదు కాని షాట్ మొత్తానికీ తరుగు పడుతుంది. నా మటుకు నాకు రెండోదే మేలనిపిస్తుంది. కన్ను మసకకు అలవాటుపడుతుంది గాని మార్పుకు అలవాటుపడదు. ఒకప్పుడు ద్విపాత్రాభినయం దృశ్యాల కోసం కెమెరా ముందు సగం తెర మూసి, ఫిలింను వెనక్కు తిప్పి, రెండో సగాన్ని అదే నెగెటివ్ మీద తీసేవారు. ఎక్కడ చిన్న తప్పు జరిగినా పనంతా వృథా అవుతుందని తెలిసీ ఆ కష్టం పడ్డారంటే అక్కడ మిగిలే ఒక తరం విలువ వారికి తెలుసు.

ముద్రణ యంత్రం దగ్గర జాగ్రత్త మరో రకం. విడుదల ప్రింట్లను కాంటాక్ట్ ప్రింటర్ మీద తీసేవారు. నెగెటివ్, ముడి ప్రింటు ఫిలిం ముఖాముఖి ఆనుకుని పళ్ల చక్రం మీదుగా ఒరుసుకుంటూ పోతాయి. చక్రం వంపు మీద నెగెటివ్ లోపలి వైపు, ప్రింటు బయటి వైపు ఉంటాయి. బయటి చుట్టు సహజంగా కాస్త పొడవు. రెండు ఫిలింల రంధ్రాల మధ్య దూరం సమానంగా ఉంటే ఒకటి ఇంకొకదానిమీద జారుతుంది, జారితే బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని నెగెటివ్ రంధ్రాల మధ్య దూరాన్ని 4.740 మిల్లీమీటర్లుగా, ప్రింటు రంధ్రాల మధ్య దూరాన్ని 4.750గా తయారుచేస్తారు. తేడా మిల్లీమీటర్లో నూరో వంతే, కాని 550 రెట్లు చేసి చూడండి, తెర మీద అయిదున్నర మిల్లీమీటర్లు. పాత నెగెటివ్ ఎండి కుంచించుకుపోతే ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు నడుస్తూ ముద్రించే యంత్రం పనికిరాదు, ఒక్కో ఫ్రేమునూ ఆపి, పిన్నులతో బిగించి, ముద్రించి, మళ్లీ కదిపే యంత్రం కావాలి.

రంగు, వెలుగు సరిచేసేది గ్రేడర్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలకు ఒక్కోదానికి 1 నుంచి 50 వరకు మెట్లుంటాయి, 12 మెట్లు పెంచితే వెలుగు రెట్టింపు. షాట్‌కు సరిపడా వెలుగు తగిలిన నెగెటివ్ అయితే అంకెలు పాతిక చుట్టూ తిరుగుతాయి. సాయంత్రం వెలుతురు చాలని వేళ హడావుడిగా తీసిన షాట్‌కు పలచని నెగెటివ్ వస్తుంది. గ్రేడర్ మెట్లు తగ్గించి దాన్ని పక్క షాట్‌తో కలపగలరు కాని నలుపు నలుపుగా ఉండక బూడిద రంగుకు తిరుగుతుంది, గ్రెయిన్ పైకి తేలుతుంది. నెగెటివ్‌లో లేని దాన్ని ఏ దీపమూ తేలేదు. ఇక కడిగే రసాయనాల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, రంగుల నెగెటివ్ డెవలపర్‌ను 41.1 డిగ్రీల వద్ద, అటూ ఇటూ పదో వంతు డిగ్రీకి మించి కదలకుండా నిలపాలి.

గీతలు పడ్డ నెగెటివ్‌కు ఒక చక్కని వైద్యం ఉంది. గాజు మీద గీతలుంటే నీళ్లు పోసినప్పుడు అవి కనిపించకుండా పోవడం అందరమూ చూసిందే. ఫిలింలో వెలుగు వంగే తీరుకు దగ్గరగా ఉన్న పెర్‌క్లోరోఎథిలీన్ ద్రవంలో నెగెటివ్‌ను ముంచి, తడిగా ఉండగానే ముద్రిస్తే వెనక వైపు గీతలు ఆ ద్రవంతో నిండి మాయమవుతాయి. దాన్ని వెట్ గేట్ అంటారు. ఎమల్షన్ లేచిపోయిన చోట మాత్రం అది ఏమీ చేయలేదు, అక్కడ నింపడానికి బొమ్మే లేదు.

ఇన్ని జాగ్రత్తలూ తెలిసిన పరిశ్రమ అసలు నెగెటివ్‌ల పట్ల ఎందుకంత కఠినంగా వ్యవహరించింది? మన దేశంలో చాలా సినిమాలకు విడుదల ప్రింట్లన్నీ అసలు నెగెటివ్ నుంచే తీశారు. ఇంటర్‌పాజిటివ్, డూప్ నెగెటివ్ తీయాలంటే దిగుమతి చేసుకున్న ఖరీదైన ముడి ఫిలిం మరో రెండు సినిమాల నిడివి కావాలి, విడుదల తేదీకి ముందు మరికొన్ని రోజులూ కావాలి. దానివల్ల ఒక మేలు జరిగిన మాట నిజం. మద్రాసు ల్యాబ్ నుంచి గాంధీనగర్‌కు దిగిన తొలి ప్రింటులో నేను చూసిన తేట నాలుగో తరం కాపీలో ఎక్కడా ఉండదు, అది రెండో తరం బొమ్మ. కాని సినిమా ఎంత బాగా ఆడితే నెగెటివ్ అంతగా యంత్రం గుండా తిరిగేది. దుమ్ము, అతుకుల దగ్గర చిరుగులు, నూనె మరకలు అన్నీ ఆ ఒక్కదాని మీదే పడేవి. జనం నెత్తిన పెట్టుకున్న సినిమాలకే నెగెటివ్‌లు ఎక్కువగా పాడయ్యాయి, ఆడని సినిమాల నెగెటివ్‌లు పెళ్లికూతుళ్లలా మిగిలాయి. ఆనాటి నిర్మాతల ఇబ్బంది తెలిసి కూడా నేను ఇది తప్పే అంటాను. తొలి వారం ప్రేక్షకుడి కోసం తర్వాతి తరాల ప్రేక్షకుల వాటా కూడా ఖర్చుపెట్టేశారు. ఒక్క ఇంటర్‌పాజిటివ్ తీసి పక్కన దాచి ఉంటే, విడుదల ప్రింట్లు అసలు నెగెటివ్ నుంచే తీసినా సరే, ఈ రోజు పరిస్థితి వేరుగా ఉండేది. తరాలు తగ్గించాలని 1968లో కొడాక్ నెగెటివ్ నుంచి ఒకే మెట్టులో డూప్ నెగెటివ్ ఇచ్చే ఫిలిం తెచ్చింది కాని దాని రంగులు నిలవలేదు, ఆ దారి మూసుకుపోయింది.

స్కానింగ్ వచ్చాక తరాల బాధ తీరినట్టేనని చాలామంది అంటారు. అది సగమే నిజం. ఒకసారి అంకెల్లోకి మారిన బొమ్మను ఎన్నిసార్లు కాపీ తీసినా తరుగు ఉండదు, డిజాల్వ్‌కూ పేర్లకూ వేరే తరం అక్కర్లేదు. అయితే తరుగంతా ఇప్పుడు మొదటి మెట్టులోనూ చివరి మెట్టులోనూ పోగవుతుంది. 2,048 చుక్కల వెడల్పు, 1,556 చుక్కల ఎత్తుతో చేసిన స్కాన్‌లో ఒక్కో ఫ్రేము సుమారు 12.7 మెగాబైట్లు, రెండున్నర గంటల సినిమాకు రెండున్నర టెరాబైట్లకు పైనే. ఆ బరువు మోయలేక నొక్కి కుదించినా, గ్రెయిన్‌ను మచ్చ అనుకుని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేసినా, దానితోపాటు చర్మం మీది సహజమైన నునుపూ గరుకూ పోయి ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. ఇక స్కాన్‌కు ఏం ఎక్కించామన్నది అన్నిటికంటే ముఖ్యం. నెగెటివ్ ఉంటే నెగెటివ్, లేకుంటే ఇంటర్‌పాజిటివ్, అదీ లేకుంటే డూప్ నెగెటివ్, ఏదీ దొరకనప్పుడే ప్రింటు.

ఆ వెతుకులాట మన ఊళ్లలో ఇంకా ముగియలేదు. విజయవాడ, గుంటూరు గోదాముల్లో, మూతపడ్డ హాళ్ల మేడ గదుల్లో డబ్బాలు మిగిలే ఉన్నాయి. కృష్ణా తీరపు ఉక్కకు అసిటేట్ ప్లాస్టిక్ ఫిలిం కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది, ఒక డబ్బాలో మొదలైతే పక్క డబ్బాలకూ పాకుతుంది. నలుపు తెలుపు బొమ్మ వెండితో ఏర్పడేది కాబట్టి ఫిలిం నిలిస్తే బొమ్మా నిలుస్తుంది. 1963లో లవకుశతో తెలుగులో మొదలైన పూర్తి రంగుల సినిమాలకు ఆ భాగ్యం లేదు, రంగులు వాటంతట అవే వెలిసిపోతాయి. అటువంటి డబ్బా దొరికితే మూత తెరిచి గాలి తగలనివ్వండి, చల్లటి పొడి చోట ఉంచండి, కుతూహలం కొద్దీ ప్రొజెక్టర్ మీద మాత్రం ఎక్కించకండి.

కొన్నేళ్ల కిందట గాంధీనగర్‌లో ఒక పాత ఆఫీసు ఖాళీ చేస్తూ నన్ను పిలిచారు. తూకానికి వేయడానికి పక్కన పెట్టిన వాటిలో ఒక డబ్బా మీద ‘రంగు పోయిన ప్రింటు’ అని సుద్దతో రాసి ఉంది. మొదటి నాలుగడుగులు విప్పి కిటికీ వెలుగుకు పట్టాను. బొమ్మ సరైన వెలుగునీడలతోనే ఉంది, అంటే నెగెటివ్ కాదు, కాని అంతా నారింజ రంగు. వెలిసిన ప్రింటు గులాబీ ఎరుపుకు తిరుగుతుంది గాని నారింజకు తిరగదు. అనుమానం వచ్చి అంచు చూశాను. బొమ్మ దిగని రంధ్రాల మధ్య చోటు కూడా అదే నారింజ రంగులో ఉంది. ప్రింటుకు ఆ చోట రంగు ఉండదు. ఆ నారింజ నెగెటివ్‌కూ, దాని నుంచి తీసే మాస్టర్‌కూ తయారీలోనే కలిపేది. అది ఇంటర్‌పాజిటివ్, ఎప్పుడూ ఏ హాల్లోనూ ఆడనిది, అసలుకు ఒక్క మెట్టు దూరంలో ఉన్నది. సుద్ద రాత తుడిచి, పెద్ద అక్షరాలతో ‘మాస్టర్’ అని రాసి, నా తువ్వాలులో చుట్టి బయటికి తెచ్చాను.